ల్యాబూ, బర్డ్ వాకూ, ధర్నా... బయాలజీ వాళ్లకి మూడూ కుదురుతాయా?

కణం_కథ:
హైదరాబాద్‌లో సెల్ బయాలజీ పీహెచ్‌డీ చేస్తున్నాను. వారమంతా కణాలు పెంచే కల్చర్ రూమ్, ప్రోటీన్ ఉందో లేదో చూసే వెస్టర్న్ బ్లాట్లు, బ్యాండ్ రాకపోతే మళ్లీ మొదటికి. ఆదివారం పొద్దున బర్డ్ వాక్, నాకు పిచ్చెక్కకుండా ఉందంటే దాని పుణ్యమే. ఇంతవరకూ ఎవరికీ ఇబ్బంది లేదు. 2025 మార్చి చివర్లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టేయడానికి జేసీబీలు దిగాయి కదా, మేం నడిచే దారులే పోతున్నాయని ధర్నాకి వెళ్లాను. అప్పటినుంచి ల్యాబ్‌లో చూపులు మారాయి. గైడ్ ఏమీ అనలేదు గానీ ఒక సీనియర్ మాత్రం "సైన్స్ చేస్తావా, జెండా పడతావా, ఏదో ఒకటి తేల్చుకో" అన్నారు. ఇంట్లో నాన్నకేమో కేసులంటే టెన్షన్. నిజంగానే తేల్చుకోవాలా? ఇవన్నీ చేస్తూ బతికిన వాళ్లు మన దగ్గర ఎవరైనా ఉన్నారా?

హబ్సిగూడ_పాతకాపు:
ఆ సీనియర్‌కి పి.ఎం. భార్గవ గారి పేరు గుర్తుచేయండి. ఇక్కడి కణ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి వ్యవస్థాపక డైరెక్టర్ ఆయనే. సమాజానికి సంబంధించిన విషయాల్లో సైన్స్ అకాడమీలు నోరు విప్పడం లేదని 1994లో వాటి ఫెలోషిప్‌లకు రాజీనామా చేశారు. యూనివర్సిటీల్లో జ్యోతిషం కోర్సులు పెడతామని యూజీసీ అంటే కోర్టుకెళ్లారు, 2004లో సుప్రీంకోర్టులో ఓడిపోయారు, అయినా ఆగలేదు. 1986లో వచ్చిన పద్మభూషణ్‌ని 2015లో వెనక్కిచ్చేశారు. ఆయన అన్నవన్నీ నేను ఒప్పుకోను, జన్యుమార్పిడి (జీఎం) పంటల్ని వ్యతిరేకించడంలో మరీ మొండిగా వెళ్లారనిపిస్తుంది, కానీ జెండా పట్టినందుకు ఆయన సైంటిస్టు కాకుండా పోయారని అనే ధైర్యం ఈ ఊళ్లో ఎవరికీ లేదు.

రూల్‌నెంబర్9:
పాతకాపు గారూ, భార్గవ గారితో ఒక స్టూడెంట్‌ని పోల్చకండి సార్. అవార్డు వెనక్కిచ్చే నాటికి ఆయనకి 87 ఏళ్లు, ఉద్యోగం పోతుందన్న భయమే లేదు. ఇక్కడ జూనియర్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) నుంచి సీనియర్ ఫెలోషిప్‌కి (ఎస్‌ఆర్‌ఎఫ్) మారాలంటే అసెస్‌మెంట్ ఉంటుంది, నెలకు వచ్చే 37 వేలు 42 వేలు కావాలంటే ముందు ఆ కాగితం కదలాలి. రేపు కేంద్ర ప్రభుత్వ ల్యాబ్‌లో ఉద్యోగం వస్తే 1964 నాటి కాండక్ట్ రూల్స్ వర్తిస్తాయి. 7వ రూల్ ధర్నాల గురించి, 9వది ప్రభుత్వాన్ని విమర్శించడం గురించి. అచ్చంగా సైన్స్ వ్యాసం రాయడానికి మాత్రం పర్మిషన్ అక్కర్లేదు. ఆశయాలు వద్దనడం లేదు, డిగ్రీ చేతికొచ్చాక చూసుకోండి అంటున్నాను.

కంచ_నడక:
@రూల్‌నెంబర్9 మీరు చెప్పిన 37 వేలు ఎలా వచ్చాయండీ? 2019లో 25 వేలు 31 వేలయింది స్కాలర్లు రోడ్డెక్కితేనే. ఆ సీనియర్ కూడా ఆ డబ్బు తీసుకునే ఉంటారు.

సరే, అసలు విషయానికొస్తా. నాకు ఇవి మూడు వేరువేరు పనులుగా అనిపించవు. 2025లో ఏం జరిగిందో చూడండి. మార్చి 30, ఉగాది రోజు, సెలవు చూసుకుని మెషీన్లు దించారు, అడ్డుపడ్డ పిల్లల్ని పోలీసులు ఎత్తుకెళ్లారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంది. ఆ 400 ఎకరాలు రికార్డుల్లో అడవి కాదని ప్రభుత్వ వాదన. మరి అక్కడ ఏముందో చెప్పేదెవరు? ఏళ్ల తరబడి పొద్దున్నే లేచి తిరిగిన వాళ్లు రాసిపెట్టిన లిస్టులు. రెండు వందలకు పైగా పక్షి జాతులు, జింకలు, నెమళ్లు, ఆ యూనివర్సిటీ క్యాంపస్‌లోనే దొరికిన ముర్రిసియా హైదరాబాదెన్సిస్ అనే సాలీడు. ఇవేవీ ధర్నా రోజు అప్పటికప్పుడు పుట్టినవి కావు. అలాగని లిస్టు ఒక్కటే జేసీబీని ఆపదు, దాని ముందు నిలబడ్డ పిల్లలు లేకపోతే కోర్టు తలుపు తెరిచేసరికి నేల చదునైపోయేది.

నీకు ల్యాబ్‌లో అలవాటైన పనే ఇది. పోల్చి చూడటానికి కంట్రోల్ శాంపిల్ లేకుండా బ్లాట్ చూపిస్తే మీ గైడ్ ఒప్పుకుంటారా? వాక్‌లోనూ అంతే, ఒకే దారి, ఒకే టైమ్, అరుదైన పిట్ట కనిపించినప్పుడే కాదు, ఎవరూ పట్టించుకోని పికిలిపిట్టల్ని కూడా లెక్కపెట్టు. ఏమీ కనిపించని రోజూ రాయి. పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ సైట్‌లో కంప్లీట్ చెక్‌లిస్ట్ అంటారే, అది.

నాన్నగారి సంగతి మాత్రం మేం చెప్పలేం. ఒకసారి వాక్‌కి తీసుకురా, మా అమ్మ అలాగే దారికొచ్చింది, ఇప్పుడు పాలపిట్ట కనిపిస్తే నాకు ఫోన్ చేసి మరీ చెప్తుంది.

రూల్‌నెంబర్9:
ఫెలోషిప్ మాట ఒప్పుకుంటా. కానీ గైడ్‌తో ముందే ఒక మాట చెప్పుకోవడం మంచిది, పేపర్లో ఫోటో చూసి తెలుసుకుంటే ఎవరికైనా కోపం వస్తుంది.

కణం_కథ:
గైడ్‌తో సోమవారం మాట్లాడతా. నాన్న ఐదింటికి లేవడమంటే కష్టమే, చూద్దాం :) కంచ_నడక గారూ, ఇంకో డౌట్. ఆ వైపు తీసిన నక్షత్ర తాబేలు ఫోటో ఒకటి నా దగ్గరుంది. లొకేషన్‌తో సహా పబ్లిక్‌గా పెట్టొచ్చా, సాక్ష్యంగా పనికొస్తుంది కదా?

కంచ_నడక:
వద్దు వద్దు! పెంచుకోవడానికి అమ్మేవాళ్లు వాటికోసం కాచుకుని ఉంటారు. జీవుల ఫోటోలు పెట్టే ఐనాచురలిస్ట్ సైట్‌లో లొకేషన్ దాచే ఆప్షన్ ఉంది, అది ఆన్ చేసి పెట్టు. ఒరిజినల్ ఫైల్ డేట్, జీపీఎస్ చెరగకుండా నీ దగ్గరే ఉంచు, వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఆ వివరాలు పోతాయి.