పిల్లులు తిరిగే మేడ మీద లిల్లీలు వేయొచ్చా?

పెరటి పద్మ
అందరికీ నమస్తే అండీ. ఏషియాటిక్ లిల్లీ దుంపలు ఆన్‌లైన్‌లో తెప్పించాను, చలి పడగానే మేడ మీద కుండీల్లో వేద్దామని. ఇంతలో మా మరదలు ఫోన్ చేసి "అవి పిల్లులకు విషం వదినా, వేయకు" అంది. మా మేడేమో పిల్లులకు రహదారి. పక్కింటివాళ్ళ పెంపుడు పిల్లి, వీధిలో రెండు మూడు, అన్నీ మా పిట్టగోడ మీంచే పోతాయి. మధ్యాహ్నం ఎండకి కుండీల నీడలోనే పడక. ఇంతకీ ఇది నిజమేనా? మా అత్తగారి ఊళ్ళో ఎకరాలకెకరాలు లిల్లీ తోటలు. ఆ గట్ల మీద పిల్లులు తిరగని రోజు లేదు. ఒక్కటి చచ్చిందని వినలేదు.

కడియం కుర్రాడు
పద్మక్కా, మీ అత్తగారి ఊరిది నేలసంపెంగ. తెల్లటి గొట్టం పూలు, కిలోల లెక్కన మార్కెట్‌కి పోయేవి, పెళ్ళి దండల్లో గుచ్చేవి. అది కిత్తనారకు చుట్టం. మీరు తెప్పించినదానికీ దానికీ సంబంధం లేదు. మా నర్సరీల్లో లిల్లీ కావాలంటే అరడజను రకాలు చూపిస్తాం, అందులో చాలావరకు అసలు లిల్లీలే కావు.

మట్టిలోంచి తీసి చూస్తే తెలిసిపోతుంది. అసలు లిల్లీ దుంప రెబ్బలు రెబ్బలుగా ఉంటుంది, పైన కాగితం లాంటి పొర ఉండదు. ఒకే కాడ నిటారుగా లేస్తుంది, కాడ పొడుగునా ఆకులు. ఉల్లిగడ్డలా పొరలుండి, బోలు కాడ మీద పెద్ద పూలు పూస్తే అమరిల్లిస్. సన్నటి ఆకులు, వాన పడ్డ కొద్దిరోజులకే కాడకొక పువ్వు పూసేది రెయిన్ లిల్లీ. డే లిల్లీకి దుంపే ఉండదు, లావుపాటి వేళ్ళు. ఆకులు మొదట్లోంచి గడ్డిలా వస్తాయి, పూల కాడ బోడిగా ఉంటుంది, పువ్వు ఒక్క రోజే.

వెట్ ఫైనలియర్
కడియం అన్న చెప్పినవాటిలో పిల్లి కిడ్నీలు తీసేవి రెండే. అసలు లిల్లీ, డే లిల్లీ. ఏషియాటిక్, ఓరియంటల్, ఈస్టర్, టైగర్, స్టార్‌గేజర్ అన్నీ మొదటి కోవలోవే. రేకు, ఆకు, కాడ, పుప్పొడి, ఆఖరికి పూలు పెట్టిన వేజ్‌లో నీళ్ళు కూడా ప్రమాదమే. ఒకటి రెండు ఆకులు కొరికినా చాలు. కుక్క తింటే కడుపు పాడై ఊరుకుంటుంది, పిల్లికే ఈ గతి. ఏ పదార్థం ఇంత పని చేస్తోందో ఇప్పటికీ తేలలేదు.

మొదట వాంతులు, చొంగ, తిండి మానేసి ఓ మూల ముడుచుకోవడం. కొన్ని గంటలకి వాంతులు తగ్గుతాయి. ఇక్కడే జనం మోసపోతారు, తేరుకుందనుకుంటారు. లోపల 12 నుంచి 24 గంటల మధ్య కిడ్నీలు దెబ్బతినడం మొదలవుతుంది. పిల్లి తెగ నీళ్ళు తాగుతుంది, తెగ మూత్రం పోస్తుంది. తర్వాత మూత్రం ఆగిపోతుంది. అది ఆగాక డయాలసిస్ తప్ప దారి లేదు, పిల్లులకి అది దొరికే చోట్లు ఎన్నో లేవు. తిన్న 18 గంటల్లోపు సెలైన్ మొదలుపెట్టి, రెండు మూడు రోజులు ఆపకుండా ఎక్కిస్తే చాలావరకు బతుకుతాయి.

గోడమీద పిల్లి
మాంసం తినే జంతువు ఆకులు తింటుందా బాబూ? మా ఇంట్లో తరతరాలుగా పిల్లులున్నాయి. ఇవన్నీ విదేశీ భయాలు. అయినా వీధి పిల్లికి నేనెందుకు కాపలా? నా కుండీ, నా మేడ.

వెట్ ఫైనలియర్
సర్, వాన పడ్డాక ఏ పిల్లినైనా గమనించండి, గరిక కొరుకుతూ కనిపిస్తుంది. పైగా దీనికి తినాల్సిన పని కూడా లేదు. కుండీల మధ్యనుంచి దూరి వెళ్తే పుప్పొడి వీపు మీద రాలుతుంది. పిల్లికి ఒళ్ళు నాకి శుభ్రం చేసుకోవడం కంటే పెద్ద పని ఏముంటుంది? అలా కడుపులోకి పోతుంది. ఇక వీధి పిల్లి మీ మేడ మీదే చావదు. జబ్బు చేస్తే ఏ మెట్ల కిందో, ఏ కారు షెడ్డులోనో నక్కుతుంది. అందుకే ఎవరికీ కనపడదు. అత్తగారి ఊరి సంగతి వేరే, అక్కడ అసలు లిల్లీయే లేదు.

న్యూజెర్సీ నీలిమ
ఇక్కడ ఇది భయం కాదండీ, ఏటా జరిగే తంతు. ఈస్టర్ ముందు సూపర్ మార్కెట్ గుమ్మంలోనే తెల్ల లిల్లీ కుండీలు పేర్చి ఉంటాయి. మా కమ్యూనిటీ రోడ్డు పొడుగునా పసుపు డే లిల్లీలే, నీళ్ళు పోయకపోయినా బతుకుతాయని వేస్తారు. ఆ కారణంగానే మా పిల్లిని గడప దాటనివ్వను. పుట్టినరోజుకి ఎవరైనా బొకే తెస్తే గుమ్మం దగ్గరే విప్పి చూస్తాను. లిల్లీ కాడలుంటే లోపలికి రానివ్వను, తెచ్చినవాళ్ళు ఏమనుకున్నా సరే.

ఇంకోటి. "పుప్పొడి లేని లిల్లీ" అని ముద్ద పువ్వు రకాలు అమ్ముతున్నారు. పుప్పొడి మాత్రమే లేదు, ఆకూ రేకూ పాతవే. పూలకొట్లవాళ్ళు కేసరాల తలలు తుంచేది కూడా బట్టలకి మరక అంటకుండా, పిల్లి కోసం కాదు.

భీమవరం అమ్మమ్మ
నాకు మే నెలలో ఎర్ర బంతుల్లా పూసే ఫుట్‌బాల్ లిల్లీ ఉంది. గోడవార కేసరి చెట్టు, హాల్లో పీస్ లిల్లీ. కంచె మీద అగ్నిశిఖ దానంతటదే అల్లుకుంది. ఇవన్నీ పీకేయమంటావా నాయనా? మా బుజ్జిగాడు (పిల్లి) రోజంతా పెరట్లోనే.

వెట్ ఫైనలియర్
అమ్మమ్మా, అన్నీ పీకక్కర్లేదు. ఫుట్‌బాల్ లిల్లీ, కేసరి, అమరిల్లిస్, రెయిన్ లిల్లీ ఒక కుటుంబం. వాటికి దుంపలోనే విషం ఎక్కువ. కొరికితే వాంతులు, విరేచనాలు, కానీ అసలు లిల్లీలా కిడ్నీల మీద పడవు. కుండీ మార్చేటప్పుడు దుంపలు నేలమీద వదలకుండా ఉంటే చాలు. పీస్ లిల్లీ కొరికితే ఆకులోని సన్న స్ఫటికాలు నోరంతా గుచ్చుకుంటాయి. బుజ్జిగాడు చొంగ కార్చుకుని, రెండోసారి దాని జోలికి పోడు.

అగ్నిశిఖ మాత్రం వేరు. అందులో కాల్చిసిన్ అనే విషం ఉంటుంది, దుంపలోనూ గింజలోనూ ఎక్కువ. పిల్లికే కాదు, ఇంట్లో పాకే పసివాడున్నా అది కంచె మీద ఉండకూడదు. చేతికి తొడుగు వేసుకుని దుంపతో సహా తవ్వించండి.

పెరటి పద్మ
కుండీల చుట్టూ కలరా ఉండలు వేస్తే పిల్లులు రావంటున్నారు మా వీధిలో. అప్పుడు లిల్లీ వేసుకోవచ్చా?

కడియం కుర్రాడు
వద్దక్కా, ఆ ఉండలే పిల్లికి విషం. ఆముదం పిండి ఎరువు కూడా పైపైన చల్లొద్దు, అందులో రిసిన్ అనే విషం ఉంటుంది. ఎముకల పొడితో కలిపి వేస్తే ఆ వాసనకి కుక్కా పిల్లీ వచ్చి తవ్వుకుని మరీ తింటాయి. వేపపిండి వేసుకోండి.

మిగతా కుండీల్లో తవ్వకుండా ఉండాలంటే మట్టి మీద కోడిమెష్ పరిచి, దాని మీద గులకరాళ్ళు. పిల్లికి మెత్తటి పొడి మట్టి దొరక్కపోతే వేరే చోటు వెతుక్కుంటుంది. ఓ పాత టబ్బులో ఇసుక పోసి మూలన పెడితే ఇంకా మంచిది. ఆ పక్కనే కుప్పింటాకు మొక్క ఒకటి ఉంచండి. దాని వేరు వాసనకి పిల్లులు మత్తెక్కినట్టు దొర్లుతాయి, మీ పూల వైపు చూడవు. పిచ్చిమొక్క అని మనమే పీకి పారేస్తాం. అయితే ఇవన్నీ మిగతా మొక్కలకే. మెష్ వేసినా లిల్లీ పుప్పొడి ఆగదు.

గోడమీద పిల్లి
సరే, ఒక్కటి చెప్పండి. పిల్లి తినేసిందే అనుకుందాం, పాలు తాగిస్తే విషం విరగదా?

వెట్ ఫైనలియర్
విరగదు సర్. పాలు, ఉప్పునీళ్ళు, నూనె ఏవీ వద్దు. నీరసంగా ఉందని పారసెటమాల్ అసలొద్దు, పిల్లికి అదే ప్రాణాంతకం. ఒంటి మీద పుప్పొడి ఉంటే తడిగుడ్డతో తుడిచి, నాకకుండా మెడకి టవల్ చుట్టి, మొక్క ఫొటోతో డాక్టర్ దగ్గరికి. క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) మొదటి రోజు మామూలుగా వచ్చినా ఇంటికి తెచ్చేయొద్దు, మర్నాడు మళ్ళీ చేయించండి. వెటర్నరీ కాలేజీ ఆస్పత్రి గానీ, రాత్రిపూట చూసే క్లినిక్ గానీ మీకు దగ్గర్లో ఏదుందో ఈ రోజే కనుక్కుని నంబరు ఫోన్‌లో పెట్టుకోండి.

పెరటి పద్మ
అయితే ఆ కుండీల్లో నేలసంపెంగే వేస్తాను, సాయంత్రం వాసనకి అదే నయం. దుంపలు మాత్రం వృథా అయ్యాయే అని ఉంది.

తొమ్మిదో అంతస్తు
నాకిచ్చేయండి పద్మగారూ, పోస్టు ఖర్చు నాది. మా బాల్కనీకి చుట్టూ పావురాల నెట్ ఉంది, ఇంట్లో పిల్లి లేదు.

వెట్ ఫైనలియర్
ఇవ్వండి. కానీ పూశాక కోసి ఎవరికైనా ఇచ్చేముందు వాళ్ళింట్లో పిల్లి ఉందేమో అడగండి. ఎండిన కాడలూ పూలూ మూత ఉన్న చెత్తబుట్టలోనే వేయండి, కింద వీధి కుప్పలో కాదు.