ఇన్ సిటు ఫాలిక్యులర్ నియోప్లేసియా: రిపోర్టులో కనబడగానే అందరికీ పెట్ సీటీ రాయాలా?

హీమాంక్_డెస్క్
రొమ్ము క్యాన్సర్ సర్జరీలో తీసిన చంక గ్రంథుల్లో ఒకదాంట్లో, అనుకోకుండా, ఇన్ సిటు ఫాలిక్యులర్ నియోప్లేసియా (లింఫోమా లాంటి తేడా కణాలు గ్రంథిలోని కొన్ని ఫాలికిళ్లకే, అంటే బీ కణాల గుండ్రటి గుంపులకే, పరిమితమై ఉండటం) అని రిపోర్టు వచ్చిందనుకుందాం. ఇలాంటి ప్రతి కేసుకీ పెట్ సీటీ (చురుగ్గా ఉన్న కణజాలం వెలుగుతూ కనిపించే స్కాన్), బోన్ మ్యారో (ఎముక మజ్జ) పరీక్ష రాయడం అలవాటైపోతోంది. ఫాలిక్యులర్ లింఫోమాగా (బీ కణాల క్యాన్సర్) మారేది 5 శాతం దరిదాపుల్లోనే అయినప్పుడు ఇంత హడావిడి దేనికన్నది నా అభ్యంతరం.

స్లైడ్_ముందు
ఆ 5 శాతం రిపోర్టు సరిగ్గా ఉన్నప్పటి మాటండీ. అసలు గొడవ అక్కడే. ఈ లీజన్ (తేడా ఉన్న చోటు) మామూలు హెచ్ అండ్ ఈ స్టెయిన్‌లో (స్లైడ్‌కి రోజూ వేసే రంగు) కనబడదు, గ్రంథి రియాక్టివ్‌గానే (ఇన్ఫెక్షన్ లాంటివాటికి స్పందించి ఉబ్బినట్టే) ఉంటుంది. బీసీఎల్2 (కణం చావకుండా ఆపే ప్రోటీన్‌ని చూపే స్టెయిన్) వేశాకే కొన్ని జెర్మినల్ సెంటర్లు (ఫాలికిళ్ల నడిమి భాగాలు) ముదురుగా వెలుగుతాయి.

సంతకం పెట్టే ముందు నేను వెతికేవి: ఆ సెంటర్లలో బీసీఎల్2 చుట్టూ ఉన్న మాంటిల్ (సెంటర్ చుట్టూ ఉండే పొర) కణాలకంటే ముదురుగా ఉండాలి, సీడీ10 (సెంటర్‌లోని బీ కణాల గుర్తు) కూడా అంతే బలంగా రావాలి. ఫాలికిల్ సైజు మామూలుగా, మాంటిల్ అంచు చెక్కుచెదరకుండా ఉండాలి. సీడీ10 కణాలు ఫాలికిల్ దాటి బయట కనిపించకూడదు. కేఐ67 (కణాలు విభజన చెందే జోరు చూపే గుర్తు) తక్కువగా ఉంటుంది.

ఫాలికిళ్లు పెద్దవై ఒకచోట గుంపుగా ఉండి, మాంటిల్ పలచబడి, బీసీఎల్2 ఒక్కో ఫాలికిల్‌లో ఒక్కో తీరుగా ఉంటే అది ఇన్ సిటు కాదు, గ్రంథిలో కొంత భాగానికి పాకిన ఫాలిక్యులర్ లింఫోమా. చిన్న సిరీస్‌లే అనుకోండి, వాటిలో ఈ రెండో రకం వాళ్లలో సుమారు సగం మందికి పూర్తి స్థాయి లింఫోమా వచ్చింది. రెంటికీ ఒకే అంకె ఎలా పెడతాం?

ఇంకో ఉచ్చు: ప్రైమరీ ఫాలికిళ్లు (ఇంకా సెంటర్ ఏర్పడనివి), సెంటర్లలోని టీ కణాలు కూడా సహజంగానే బీసీఎల్2 పాజిటివ్. పక్కన సీడీ3 (టీ కణాల గుర్తు) వేయకుండా నిర్ణయిస్తే, లేని రోగాన్ని తెచ్చిపెట్టినట్టే.

హీమాంక్_డెస్క్
ఒప్పుకుంటాను. కాని రిపోర్టు పక్కాగా ఉన్నాక కూడా పెట్ దేనికి?

స్టేజింగ్_పక్షం
ఇదే మనిషిలో మరోచోట అసలు లింఫోమా అప్పటికే ఉండే అవకాశం ఉంది కాబట్టి. ముందు ముందు మారుతుందా అన్నది ఒక ప్రశ్న, ఇప్పుడే పక్కన ఉందా అన్నది వేరే ప్రశ్న. రెండోదానికి ఒక్కసారైనా జవాబు కావాలి.

హీమాంక్_డెస్క్
దానికి చేత్తో గ్రంథులన్నీ చూడటం, సీబీసీ (రక్తకణాల లెక్క), ఎల్‌డీహెచ్ (లింఫోమాలో పెరగగల రక్తంలోని ఎంజైమ్), ఒక సీటీ చాలు. పైగా ఈ ఉదాహరణలో క్యాన్సర్ స్టేజింగ్‌కి తీసిన సీటీ ఉండే ఉంటుంది, దాన్నే మళ్లీ చదివించండి. సర్జరీ తర్వాత రియాక్టివ్ గ్రంథులు పెట్‌లో వెలుగుతాయి, వాటికోసం ఇంకో బయాప్సీ. సైటోపీనియా (రక్తకణాలు తగ్గడం) లేకుండా బోన్ మ్యారో అసలే వద్దు.

ఫ్లో_గేటు
రక్తంలో దొరికే మోనోక్లోనల్ బీ సెల్ లింఫోసైటోసిస్‌లోనూ (ఎంబీఎల్: ఒకే కణం నుంచి పుట్టిన క్లోనల్ బీ కణాలు రక్తంలో కొద్దిగా ఉండటం) ఇదే తంతు. ఎంబీఎల్ అని రాసి శాతం ఒక్కటే ఇస్తారు. దేంట్లో శాతం?

లెక్క చూడండి. తెల్లకణాలు 9,000, అందులో లింఫోసైట్లు 40 శాతం, అంటే 3,600. క్లోనల్ బీ కణాలు 12 శాతం అని ఉంది. అది లింఫోసైట్లలో 12 శాతమైతే మైక్రోలీటరుకు 432. మొత్తం తెల్లకణాల్లో 12 శాతమైతే 1,080. గీత 500 దగ్గర ఉంది. మొదటిది లో కౌంట్, క్రానిక్ లింఫోసైటిక్ ల్యూకేమియాగా (సీఎల్ఎల్, ఒక రక్త క్యాన్సర్) మారడం చాలా అరుదు, దానికి ప్రత్యేకంగా ఫాలోఅప్ అక్కర్లేదు. రెండోది హై కౌంట్, ఏటా 1 నుంచి 2 శాతం మందికి చికిత్స అవసరమయ్యే స్థాయికి వెళ్తుంది. వీళ్లకి ఏడాదికోసారి పరీక్ష, సీబీసీ ఉండాలి. ఇన్ఫెక్షన్ల ముప్పు కూడా ఎక్కువే, కాబట్టి న్యూమోకాకల్ టీకా సంగతి చూడండి. 5,000 దాటితే అది ఎంబీఎల్ కాదు, సీఎల్ఎల్.

జీన్_బెంచ్
రక్తంలో పీసీఆర్ అనే డీఎన్ఏ పరీక్షతో టీ(14;18), అంటే ఫాలిక్యులర్ లింఫోమాలో కనిపించే 14, 18 క్రోమోజోముల ముక్కల తారుమారు (ట్రాన్స్‌లొకేషన్), చూసి ముప్పు తేల్చొచ్చు కదా అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దల్లో సగానికి పైగా ఆ ట్రాన్స్‌లొకేషన్ ఉన్న కణాలు దొరుకుతాయి, ఉందా లేదా అన్నదానితో ఏమీ తేలదు. ఎన్ని ఉన్నాయన్నదానికి విలువుంది: 10,000 కణాలకు ఒకటి మించి ఉన్నవాళ్లలో తర్వాత ఫాలిక్యులర్ లింఫోమా ముప్పు 23 రెట్లు కనిపించింది. అయినా ఆ లింఫోమాయే అరుదు. 23 రెట్లు చేసినా చాలామందికి అది రాదు, ముందే తెలిసినా ఇవ్వడానికి చికిత్స లేదు. క్రెబ్‌బీపీ, కేఎంటీ2డీ లాంటి జన్యువుల మీద తర్వాతి దెబ్బలు (మ్యుటేషన్లు) పడితేగాని కథ ముందుకు సాగదు.

స్టేజింగ్_పక్షం
సరే, పెట్ బదులు సీటీకి ఒప్పుకుంటున్నా. కాని ఇన్ సిటు మాంటిల్ సెల్ నియోప్లేసియా (తేడా కణాలు మాంటిల్ పొరకే పరిమితమైన రకం) విషయంలో కాదు.

స్లైడ్_ముందు
అది మరీ అరుదు. రియాక్టివ్ గ్రంథులకు సైక్లిన్ డీ1 (మాంటిల్ సెల్ లింఫోమాని పట్టించే స్టెయిన్) మామూలుగా వేయరు, అందుకే దొరికినవి చాలావరకు ఏదో అనుమానంతో వెతికినవి. లోపలి మాంటిల్ పొరలో పలచగా పాజిటివ్ కణాలుంటాయి. పొర మొత్తం నిండి వెడల్పయితే పేరు మార్చాలి. అక్కడ స్కాన్ అడిగితే నేను వాదించను. ఫాలిక్యులర్ కేసులో మాత్రం పెట్ ఫారం నింపే ముందు బ్లాకు (మైనంలో భద్రపరిచిన గ్రంథి ముక్క) తెప్పించి, బీసీఎల్2, సీడీ10, సీడీ3 మూడూ వరుస కోతల మీద వేసి పక్కపక్కన పెట్టి చూడమనండి.