మాటలన్నీ తెలుసు, వాక్యమే కుదరడం లేదు (ఇంగ్లీషు)

ప్రశ్న:
తిరుపతిలో ఒక లాడ్జి రిసెప్షన్‌లో చేస్తున్నాను. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. ఉత్తరాది నుంచి, మలేషియా, సింగపూర్‌ల నుంచి భక్తులు వస్తుంటారు. వాళ్లు చెప్పేది అర్థమవుతుంది, నేను నోరు తెరిస్తేనే తంటా. 'రూమ్ టెన్ ఓ క్లాక్ యు వెకేట్', 'యు దర్శన్ వెన్ గోయింగ్?' ఇలా ఉంటుంది నా ఇంగ్లీషు. గ్రామర్ పుస్తకం కొన్నాను గానీ టెన్సుల దగ్గరే ఆగిపోయాను. ఏ మాట ముందు, ఏది వెనక? ఎక్కడ మొదలుపెట్టమంటారు?

రిటైర్డ్ మాస్టారు:
టెన్సులు కొన్నాళ్లు పక్కన పెట్టండమ్మా. హైస్కూల్లో తెలుగు మీడియం పిల్లలకి ఇంగ్లీషు చెప్పినవాణ్ణి, అందరూ తట్టుకుని పడేది మీరు పడ్డచోటే.

'రాముడు రావణుణ్ణి చంపాడు' అన్నా, 'రావణుణ్ణి రాముడు చంపాడు' అన్నా చచ్చింది రావణుడే. ఆ 'ణ్ణి' చూసుకుంటుంది. ఇంగ్లీషులో అలాంటి ప్రత్యయం లేదు, మాట ఉన్న చోటే అర్థం చెబుతుంది. 'రావణ కిల్డ్ రామ' అన్నారంటే రామాయణమే తలకిందులు! అందుకని ముందు ఎవరు, వెంటనే ఏం చేశారు, ఆ తర్వాత దేన్ని. ఎక్కడ, ఎప్పుడు అన్నవి మామూలుగా చివరికి పోతాయి: 'ప్లీజ్ వెకేట్ ద రూమ్ బై టెన్ ఓ క్లాక్.'

ఇంకోటి. 'వెళ్తాను' అంటే 'నేను' అందులోనే వచ్చేసింది. 'గో'లో అది లేదు, కాబట్టి ఐ, యు, హి మింగేయకండి. పైన 'ప్లీజ్ వెకేట్' అన్నట్టు ఎదుటివాళ్లని ఏదైనా చెయ్యమనేటప్పుడు మాత్రం 'యు' అక్కర్లేదు. చెప్పడానికి ఎవరూ లేకపోయినా సరే, 'ఇట్ ఈజ్ రైనింగ్' అనాల్సిందే. ఆ ఇట్ ఎవరు సార్ అని ఏటా ఎవడో ఒకడు అడిగేవాడు. ఎవరూ కాదురా, కుర్చీ ఖాళీగా ఉండకూడదంతే అనేవాణ్ణి.

హైదరాబాద్ కాల్ సెంటర్:
కర్త, కర్మ అంటే కౌంటర్ దగ్గర ఎవరికి గుర్తుంటది మాస్టారూ! అక్కా, రోజూ అడిగే ప్రశ్నలే రాసుకుని బట్టీ కొట్టెయ్. 'వెన్ ఆర్ యు గోయింగ్ ఫర్ దర్శన్?' 'హౌ మెనీ డేస్ విల్ యు స్టే?' 'వేర్ డు యు లివ్?' మూడింట్లో వరస ఒక్కటే: ప్రశ్న మాట, తర్వాత ఆర్, విల్, డు లాంటి చిన్న మాట, తర్వాత మనిషి, ఆ తర్వాత పని. మనోళ్లు ఎగ్గొట్టేది ఆ చిన్న మాటనే.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ థ్యాంక్స్. మరి 'ఐ డోంట్ నో వేర్ ఈజ్ ద డ్రైవర్' సరైనదేనా మాస్టారూ? వరస ప్రకారమే కదా?

రిటైర్డ్ మాస్టారు:
అది ప్రశ్న కాదమ్మా, 'నాకు తెలియదు' అని చెబుతున్నారు. ప్రశ్న ఇంకో వాక్యం కడుపులోకి వెళ్లిందంటే మామూలు వరసకి తిరిగొచ్చేస్తుంది: 'ఐ డోంట్ నో వేర్ ద డ్రైవర్ ఈజ్.' బాగా చదువుకున్నవాళ్లూ ఇక్కడ జారతారు. డ్రైవర్ని తీసి కీ పెట్టండి, లగేజ్ పెట్టండి, మేనేజర్ని పెట్టండి, పైకి అంటూ ఉండండి. బట్టీ పట్టమన్న తమ్ముడితో నాకూ పేచీ లేదు. కాకపోతే ఒక్కో వాక్యంలో ఒక్కో మాట మార్చి పట్టండి.