చీర చేతికి రాకముందే అమ్మవచ్చా?

బరంపురం పట్టు: అస్సలాము అలైకుమ్. నేతగాళ్ల ఇళ్లలో ఉన్న పట్టుచీరలకు ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెడతాను. ఆర్డరు వచ్చాకే ఆ చీర కొని పార్సిలు కడతాను. మొన్న జుమా నమాజు అయ్యాక ఒక పెద్దాయన, నీది కాని సరుకును అమ్ముతున్నావని అన్నారు. దుకాణం అద్దె భరించలేక ఫోనును నమ్ముకున్నవాణ్ని. ఇది హలాలేనా?

దెగ్లూరు వాసి: పెద్దాయన మాటే సరైనది. తన దగ్గర లేని సరుకును అమ్మవద్దని ప్రవక్త (స) తన సహచరుడు హకీమ్ బిన్ హిజామ్‌కు చెప్పిన హదీసు ప్రసిద్ధమే. అమ్మేముందు సరుకు మీ కబ్జాలోకి రావాలి (మన వైపు కబ్జా అనగానే భూముల గొడవే గుర్తొస్తుంది గాని, ఇక్కడ అర్థం స్వాధీనం). మీరు డబ్బు తీసుకున్న పూటే నేతగాడు ఆ చీరను వేరొకరికి ఇచ్చేస్తే, మీరు అమ్మినదేమిటి?

రాయగడ హనఫీ: ఫోనులో బేరం కుదరడం తప్పు కాదు. 1990లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఫిఖ్‌హ్ (ఇస్లామీ ధర్మశాస్త్రం) అకాడమీ ఆధునిక సాధనాల ద్వారా జరిగే ఒప్పందాలు చెల్లుతాయని, నికాహ్, ధనమార్పిడి, సలమ్ మాత్రం ఆ తీర్మానం కిందికి రావని చెప్పింది. తేలవలసింది చీర సంగతి. ముందుగా పూర్తి సొమ్ము తీసుకుని తర్వాత సరుకిచ్చే సలమ్ ఇక్కడ అక్కరకు రాదు, ఎందుకంటే ఫొటోలో కనిపించే ఫలానా చీరకు సలమ్ కుదరదు, పార్సిలు అందాక డబ్బు ఇచ్చే పద్ధతిలోనైతే అసలే కుదరదు. అయితే కొనేవారు రంగు, కుంభం అంచు, పొడవు చెప్పి కొత్తగా నేయించమంటే అది ఇస్తిస్నా అవుతుంది. అందులో సొమ్ము తర్వాత ఇచ్చినా హనఫీ మజ్‌హబ్‌లో (ధర్మశాస్త్ర సంప్రదాయంలో) చెల్లుతుంది. మీరు నేతగాడితో చేసుకునే ఒప్పందం మాత్రం వేరుగా ఉండాలి, చీర చెడితే పూచీ మీదే. నేసి సిద్ధంగా ఉన్న చీరకైతే అమ్మకందారుగా కాక, కొనేవారి వకీలుగా (వారి తరఫు ప్రతినిధిగా) నిలబడి కూలి పుచ్చుకోండి.

దెగ్లూరు వాసి: వకాలత్ అని పేరు మార్చి పాత లాభాన్నే ధరలో దాచుకుంటారని నా అనుమానం. వకీలు నేతగాడికి ఇచ్చిన ధరనే చెప్పాలి, తన కూలిని విడిగా తేల్చుకోవాలి. ఇంకో చిక్కు ఉంది. చూడకుండా కొన్నవారికి సరుకు చూశాక వద్దనే హక్కు హనఫీ ఫిఖ్‌హ్‌లో ఉంది. వకీలు చూసి కొంటే మాత్రం ఆ చూపు కొనేవారి చూపుగానే లెక్క. అంటే మీ కన్ను మోసపోతే వారి హక్కు పోయినట్టే.

బరంపురం పట్టు: నిన్నటి నుంచి ఫొటో కింద ఇలా రాస్తున్నాను: "చీర నా దగ్గర లేదు. మీ తరఫున కొని పంపుతాను. చీర ధర నేతగాడిది, నా కూలి 300 రూపాయలు." ఒకావిడ కూలి ఎందుకని అడిగి ఊరుకున్నారు, ఇంకొకరు సరేనన్నారు. మీరన్న చూపు సంగతి చదివాక ట్యూబులైటు కింద ఫొటోలు తీయడం మానేశాను. అరుగు మీద పగటి వెలుతురులో అంచునూ కొంగునూ విడివిడిగా తీస్తున్నాను.