టెండాన్‌ను సాగదీస్తే లోపలి పోగులకు ఏమవుతుంది?

వేకువనడక: మడమ వెనుక టెండాన్ (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) 7 నెలలుగా నొప్పి. రోజూ మెట్టు అంచున నిలబడి సాగదీస్తున్నాను. లోపలి పోగులు నిజంగా పొడవవుతాయా? కొనసాగించాలా, మానాలా?

స్లైడుపెట్టె: టెండాన్ ముక్కలను ధ్రువిత కాంతి (ఒకే దిశలో కంపించే వెలుగు) కింద 12 ఏళ్లుగా చూస్తున్నాను. వదులుగా ఉన్నప్పుడు కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు అలలు తిరిగి ఉంటాయి. వెలుగు చార, చీకటి చార వరుసగా కనిపిస్తాయి. మెల్లగా లాగుతుంటే ఆ చారలు పలచబడి మాయమవుతాయి. సుమారు 2 శాతం సాగేసరికి అలలన్నీ విప్పుకుంటాయి, అసలు బిగువు ఆ తర్వాతే. 4 శాతం దాటితే పోగులకు గాయం.

మారథాన్‌మనిషి: ఈ 4 శాతం పాఠం వినీ వినీ విసిగిపోయాను. ఒంటికాలిపై గెంతేవారి మడమ టెండాన్‌ను అల్ట్రాసౌండ్‌తో కొలిస్తే 8 శాతం వచ్చింది. వాళ్ల పోగులేమీ తెగలేదు!

స్లైడుపెట్టె: సున్నా ఎక్కడ పెట్టి కొలిచారో చూడండి. అలలు ఉన్నప్పటి పొడవుతో ఒక లెక్క, విప్పుకున్నాక మరో లెక్క. పట్టుకారులో ముక్క కాస్త జారినా అంకె మారుతుంది. కోసి తీసిన ముక్క వేరు, బతికున్న కాలు వేరు, ఒప్పుకుంటాను. పాఠమే తప్పనడం అన్యాయం.

మారథాన్‌మనిషి: ఆ అంకెకు భయపడి రెండేళ్లు పరుగు మానేశాను. ఆ కాలం ఎవరు తిరిగిస్తారు?

గుర్రాలడాక్టరు: ఇద్దరూ పోగు దగ్గరే ఆగిపోయారు. దౌడు తీసే గుర్రం ముంగాలి వెనుక టెండాన్ 16 శాతం దాకా సాగుతుంది. పోగుల కట్టలు మెలితిరిగి ఉంటాయి, వాటి మధ్య మెత్తని పొర వాటిని జారనిస్తుంది. వయసు పైబడితే ఆ పొర బిగుసుకుంటుంది. దెబ్బతిని విల్లులా ఉబ్బిన కాలిని నిమిరితే వేడి అరచేతికి తగులుతుంది. అది చూసినవారు శాతాల కోసం కొట్లాడరు.

నాట్యసాధన: 20 ఏళ్ల సాధనతో నా టెండాన్లు పొడవయ్యాయి. ఇంతకంటే రుజువేం కావాలి?

స్లైడుపెట్టె: మీ ఒళ్లు వంగడం పెరిగింది, నిజమే. అందులో ఎక్కువ భాగం లాగుడును ఓర్చుకోవడం అలవాటవడమే. మడమ టెండాన్ నడిమి కొల్లాజెన్ 17 ఏళ్ల వయసు దాటాక దాదాపు మారదని కణజాలం వయసు తేల్చే కార్బన్-14 పరీక్షల్లో తేలింది.

నాట్యసాధన: నా ఒళ్లు నాకు తెలియదా?

మెల్లగాదించు: అడిగినవారిని అందరూ వదిలేశారు. నొప్పి ఎముకకు అతుక్కునే చోటా, కాస్త పైనా? పైన అయితే బరువు మోస్తూ మడమను మెల్లగా కిందికి దించే వ్యాయామం చేయండి, నేను 12 వారాలు చేసి బయటపడ్డాను. అతుక్కునే చోటైతే మడమను మెట్టు కిందికి దించవద్దు. టెండాన్ ఎముకకు ఒత్తుకుని నలుగుతుంది.

వేకువనడక: అతుక్కునే చోటే. 7 నెలలుగా రోజూ మడమను మెట్టు కిందికే దించుతున్నాను.