కళాశాల ఆవరణలోని పాత కిరణ్ విమానాన్ని ఎలా కాపాడాలి?

నల్లగొండ దగ్గర ఒక కళాశాల ఆవరణలో పాత కిరణ్ శిక్షణ విమానం ఉంది. 1964లో తొలిసారి ఎగిరిన రకం. మన వాయుసేనలో ఎన్నో తరాల పైలట్లకు చెయ్యి తిరిగింది దీని మీదే. ఇప్పుడు అందులో పావురాలు కాపురం పెట్టాయి.

ఏటా పంద్రాగస్టుకు ముందు వెండి రంగు పూసి చేతులు దులుపుకుంటారు. ఉక్కు బోల్టులు అల్యూమినియం రేకును తాకేచోట ఆ రంగు ఉబ్బి తెల్లటి పొడి రాలుతోంది. పొట్ట కింద నీరు కారే సన్నని రంధ్రాలు కూడా రంగుతో పూడుకుపోయాయి. వానాకాలంలో లోపల నీళ్లు నిలుస్తున్నాయి.

బతిమాలగా మా నలుగురికి శుభ్రం చేసే అనుమతి దొరికింది. ఆ పొడిని నైలాన్ బ్రష్‌తో తీశాక ఏ ప్రైమర్ పూయాలి? ఎండకు సన్నని పగుళ్లు తేలిన కాక్‌పిట్ అక్రిలిక్ కప్పుకు ఏ పాలిష్ మంచిది? (థిన్నర్‌ను దగ్గరికి రానివ్వం.) కడగడానికి బోరు నీళ్లు వాడవచ్చా? మా ఫ్లోరైడ్ నీళ్లు పళ్లనే వదల్లేదు, రేకును వదులుతాయా అని భయం. వాననీరు పట్టి ఉంచమంటారా?

టైర్ల మీద భారం తగ్గించాలంటే జాకీలు ఎక్కడ ఆనించాలో మాత్రం తప్పక చెప్పండి. దుండిగల్ వాయుసేన అకాడమీలో ఈ విమానాలపై పనిచేసిన సాంకేతిక సిబ్బంది ఎవరైనా ఉంటే మరీ మంచిది.