విగ్రహం కింద ఫలకం మీద ఏం రాయాలి? ఖడ్గతిక్కన ఒక పక్క, కాటమరాజు ఒక పక్క, మధ్యలో నేను

పెన్నగట్టు_సోషల్‌సారు

అందరికీ నమస్కారం. మాది కావలికి పడమటగా ఒక ఊరు, పేరు చెప్తే రేపు పొద్దున్నే నా ఇంటి ముందుకొస్తారు కాబట్టి చెప్పను. హైస్కూల్లో సోషల్ చెప్తా. విషయం ఏందంటే మా సెంటర్లో నెల్లూరు రాజు మనుమసిద్ధి సేనాని ఖడ్గతిక్కన విగ్రహం పెడదామని పోయిన సంక్రాంతికి కమిటీ వేసినారు, చందాలు కూడా వసూలైపోయినాయి, అప్పుడు కింద వీధోళ్ళు లేచినారు, ఆయన కత్తి దూసింది ఎవరి మీదకో తెలుసా, మా పశువుల కాపరుల వీరుడు కాటమరాజు మీదకి, మా ఇళ్ళ ముందర ఆ విగ్రహం ఎట్టా పెడతారు అని. వాళ్ళకి జాతరప్పుడు కొమ్ములోళ్ళు వచ్చి తెల్లార్లూ కాటమరాజు కథ చెప్తారు, అందులో నెల్లూరు రాజు మాట తప్పినోడు. పై వీధిలో కథ వేరే, వాళ్ళ లెక్కన కాటమరాజు మేత మేపుకోని పుల్లరి (మేత పన్ను) ఎగ్గొట్టినోడు. చివరికి పెద్దమనుషులు కూర్చుని రెండు విగ్రహాలూ పక్కపక్కన పెట్టేదానికి రాజీ చేసినారు. (మొహాలు ఎటు తిప్పాలనే దాని మీద ఇంకో పంచాయితీ నడుస్తా ఉంది లెండి.)

ఫలకం రాసే పని మాత్రం నా నెత్తిన పడింది. సారూ మీకు చరిత్ర తెలుసు గదా, పన్నెండు లైన్లలో అసలు చరిత్ర రాసియ్యండి అన్నారు. చీమకుర్తి రాయి కూడా వచ్చేసింది, చెక్కేదే మిగిలింది. ఏం రాయాలో చెప్పండి. ఇంకో డౌటు, ఇట్టా పాత రాజుల్ని పట్టుకోని ఇప్పటి తగాదాలు తీర్చుకునేది ఓట్ల రాజకీయంతో వచ్చిన రోగమా, లేక ముందు నుంచీ ఉండేదేనా? స్టాఫ్‌రూమ్‌లో తలా ఒక మాట అంటా ఉండారు.

అద్దంకి_రాతిపిచ్చోడు

సార్, ముందు చేతిలో ఏముందో చూసుకోండి. మనుమసిద్ధి 13వ శతాబ్దంలో నెల్లూరు ఏలినాడు, దానికి ఢోకా లేదు, కవి తిక్కన నిర్వచనోత్తర రామాయణం అంకితమిచ్చింది ఆయనకే. యుద్ధం సంగతి మనదాకా వచ్చింది మాత్రం ఎక్కువగా రెండు దారుల్లో, ఒకటి మీ కొమ్ములోళ్ళ పాట, రెండోది జనం నోట నిలిచిన విడి పద్యాలు, అదే చాటు పద్యాలు. ఖడ్గతిక్కన యుద్ధం నుంచి వెనక్కి తిరిగి ఇంటికొస్తే భార్య స్నానానికి మంచం అడ్డం పెట్టి పసుపు ముద్ద ఉంచిందనీ, తల్లి విరిగిన పాలు పోసిందనీ మనం చిన్నప్పటి నుంచి వింటా ఉండామే, అది చాటు పద్యాల దారిలో వచ్చిందే. రెండూ నోటి మీద బతికినవే. పద్యం కాబట్టి చరిత్ర, పాట కాబట్టి కట్టుకథ అని పై వీధోళ్ళు అంటే మాత్రం మీరు ఒప్పుకోవద్దు.

రోగం ఇప్పటిదా అన్నారు. మా అద్దంకి శాసనం చూడండి, క్రీ.శ. 848, తరువోజ పద్యం. చాళుక్య సేనాని పండరంగడు పన్నెండు బోయ కొట్టాలు (బోయల స్థావరాలు) పట్టినాడు, కట్టెపు దుర్గం నేలమట్టం చేసినాడు, మీ పక్కనుండే కందుకూరుని బెజవాడంత చేసినాడు అని ఉంటుంది. ఇప్పుడు నాయకులు వేయించే ఫ్లెక్సీకీ దానికీ తేడా ఏంది చెప్పండి, అది రాయి, ఇది ప్లాస్టిక్, అంతే. ఆ పన్నెండు కొట్టాల్లో ఉండినోళ్ళు ఏమనుకున్నారో ఆ రాయి మీద ఒక్క అక్షరం లేదు. తమాషా ఏందంటే అదే శాసనం వెయ్యేళ్ళు దాటినాక ఇంకో పనికి వచ్చింది, తెలుగుకి ప్రాచీన హోదా అడిగేటప్పుడు మా భాషలో పద్యం అప్పుడే ఉందని చూపించేదానికి. 2008లో హోదా వచ్చింది. గెలిచిన సేనాని గొప్ప కోసం చెక్కిన రాయి భాష గొప్పకి సాక్ష్యం అయింది, బోయ కొట్టాల సంగతి అప్పుడూ ఎవరూ ఎత్తలేదు.

ఉదయగిరి_కోటమెట్లు

రాతిపిచ్చోడు అన్న చెప్పింది కరెక్టే గానీ నేను ఇంకొంచెం ముందుకి పోతా. రాయలవారు మా ఉదయగిరి కోటని ఏడాదిన్నర ముట్టడేసి 1514లో గజపతుల దగ్గర నుంచి గుంజుకున్నాడు గదా, పోతా పోతా ఏం తీసకపోయినాడు? బాలకృష్ణుడి విగ్రహం. హంపిలో దానికి గుడి కట్టించి ప్రతిష్ఠ చేయించి శాసనం కూడా వేయించినాడు. దేవుడు ఎవరి దగ్గరుంటే గెలుపు వాళ్ళదని జనానికి చూపించాలి గదా. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. మా ఊళ్ళో మాత్రం ఏ ఫంక్షన్ ఫ్లెక్సీ చూసినా రాయలవారి బొమ్మే, మా వాడు అని. ముట్టడేసింది మన కోట మీదే గదరా, కోట లోపల ఉండింది మన తాతలే గదరా అంటే నవ్వుతారు.

ఢిల్లీ సంగతి ఇంకా బావుంటుంది. 14వ శతాబ్దంలో ఫిరోజ్ షా తుగ్లక్ రెండు అశోకుడి స్తంభాల్ని ఎక్కడెక్కడి నుంచో ఢిల్లీకి తెప్పించుకున్నాడు, మీద ఏం రాసుందో ఒక్కడికీ అర్థం కాలా, జనం భీముడి చేతికర్ర అనుకునేవాళ్ళంట. అర్థం కాకపోయినా పాతది, పెద్దది, నా కోటలో ఉండాలి అనుకున్నాడు. చదవగలిగింది 1837లో, ప్రిన్సెప్ అనే ఇంగ్లీషాయన. మళ్ళీ 1950కల్లా అదే అశోకుడి సింహాలు మన రూపాయి మీదకొచ్చినాయి. అలహాబాద్ స్తంభం మీదైతే అశోకుడు, సముద్రగుప్తుడు, జహంగీరు ముగ్గురూ రాసుకున్నారు, బస్సు సీటు వెనకాల పేర్లు గీకినట్టు. సముద్రగుప్తుడు ఓడించిన రాజుల లిస్టులో పాలక్క ఉగ్రసేనుడు ఉండాడు, ఆ పాలక్క మన నెల్లూరు వైపేనని చాలామంది చరిత్రకారులు అంటారు. మన జిల్లా అంత దూరం పోయి ఎక్కింది కూడా ఓడిపోయినోళ్ళ లిస్టులోనే సారూ.

మూలపేట_మనవరాలు

రాజులు సరే, నిన్నమొన్నటి సంగతి చూడండి. మన జిల్లాకి 2008లో పొట్టి శ్రీరాములు గారి పేరు పెట్టినారు, సంతోషం. ఆయన పేరెత్తితే పిల్లోడైనా ఏం చెప్తాడు, 1952, మద్రాసు, 58 రోజుల దీక్ష, డిసెంబర్ 15. కానీ ఆయన 1946లో ఇక్కడే మా మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనుల్ని రానియ్యాలని నిరాహారదీక్ష చేసినాడు, గుడి తలుపులు తెరిపించినాడు, ఆ మాట ఏ జయంతి సభలో విన్నారు? నేనైతే మా అమ్మమ్మ చెప్తేనే విన్నా. రాష్ట్రం కోసం చేసిన దీక్ష అందరికీ పనికొస్తుంది, ఎవరినీ గుచ్చదు. గుడి కోసం చేసిన దీక్ష గుర్తు చేస్తే ఆ రోజు తలుపులు మూసుకోని కూర్చుంది ఎవరబ్బా అనే ప్రశ్న వస్తుంది, అందుకే దండ వేసి మైకు కట్టేస్తారు. ఆయన గురించి చెప్పేది అబద్ధం కాదు, సగం చెప్పి ఆపడమే. నాకు అబద్ధం కన్నా అదే భయం.

ప్రకాశం గారిది కూడా అంతే. 1970లో పెట్టిన ఒంగోలు జిల్లాకి 1972లో ఆయన పేరు పెట్టినారు, తుపాకీకి గుండె చూపించింది అందరికీ తెలుసు, 1954లో మద్యనిషేధం గొడవ మీద ఒక్క ఓటు తేడాతో ఆయన సర్కారు పడిపోయింది మాత్రం ఏ విగ్రహం కిందా ఉండదు.

రాష్ట్రం పుట్టినరోజు ఎప్పుడో కూడా తేల్చుకోలేకపోయినాం, 1953 అక్టోబర్ 1 అనేవాళ్ళు ఉండారు, 1956 నవంబర్ 1 అనేవాళ్ళు ఉండారు, 2014 తర్వాత కొన్నేళ్ళు జూన్ 2న నవనిర్మాణ దీక్ష, 2019లో మళ్ళీ నవంబర్ 1. క్యాలెండర్ మారలా, కుర్చీలో మనిషి మారినాడు. సారూ మీ ఫలకం మీద ఏం రాసినా పర్లేదు గానీ పుల్లరి ఎందుకు తగాదా అయిందో రాయండి. కరువు, గడ్డి, పశువులు. అది తీసేస్తే ఇద్దరు మీసాలోళ్ళు కొట్టుకున్నట్టే ఉంటుంది.

జై_సింహపురి

అందరూ బాగా చదువుకున్నోళ్ళే గానీ ఒకటి చెప్పండి, ఫలకం మీద 'అని అంటారు', 'అని ప్రతీతి' అని రాస్తే ఎవడైనా ఆగి దండం పెడతాడా? పిల్లలకి వీరుడు కావాలి, ఫుట్‌నోట్ కాదు. మనకి ఉన్నది ఒక్క ఖడ్గతిక్కన, ఆయన మీద కూడా డౌట్లే. పక్క రాష్ట్రాలోళ్ళు తమ రాజుల్ని నెత్తిన పెట్టుకుంటా ఉంటే మనం మాత్రం మన రాజుల్ని కోర్టు బోనులో నిలబెడతాం.

అద్దంకి_రాతిపిచ్చోడు

సింహపురి తమ్ముడూ, దండం పెట్టొద్దని ఎవరన్నారు, నేనూ పెడతా. కానీ ఆ దండం కింద వీధి మొహాన కొట్టినట్టు ఉండకూడదు గదా. 'అంటారు' అని రాయడం పిరికితనం అని నువ్వంటావు, సరే, అట్టయితే ఎవరంటారో పేరు పెట్టి రాయమను, 'కొమ్ములవారి కథలో ఇట్టా, చాటు పద్యంలో ఇట్టా' అని. అప్పుడు ధైర్యంగానే ఉంటుంది. పక్క రాష్ట్రాల సంగతి నువ్వే ఎత్తినావు కాబట్టి అడుగుతా ఉండా, సెప్టెంబర్ 17ని తెలంగాణలో ఒకరు విమోచనం అంటారు, ఒకరు విలీనం అంటారు, ఇంకొకరు సమైక్యతా దినం అన్నారు. నెత్తిన పెట్టుకోవడం అంత సులువైతే ఒక్క తేదీకి అన్ని పేర్లు ఎందుకొచ్చినాయి?

పెన్నగట్టు_సోషల్‌సారు

అందరికీ థ్యాంక్స్. మూలపేట అమ్మాయి మాట పట్టుకోని కరువుతోనే మొదలుపెట్టినా. కరువొచ్చి కాటమరాజు పశువుల్ని తోలుకోని నెల్లూరు సీమకి వచ్చినాడు, మేత పుల్లరి దగ్గర తగాదా అయింది, కొమ్ములవారు చెప్పేది ఇది, చాటు పద్యాలు చెప్పేది ఇది, చివర్లో ఈ విగ్రహాలు పెట్టిన సంవత్సరం, ఎవరి చందాలతో పెట్టినారో అది, రేపు ఇంకో రాతిపిచ్చోడు వచ్చి చదివితే ఇది ఎప్పటి మాటో తెలియాలని. రాత్రి కమిటీలో చదివి వినిపించినా. నేను భయపడినంత గొడవ ఏమీ కాలేదు, కింద వీధి పెద్దాయన అయితే కొమ్ములోళ్ళ పేరు రాయి మీదకి వస్తా ఉందా అని రెండుసార్లు అడిగినాడు, ఎక్కడో చూపించమని అక్షరాల మీద వేలు పెట్టి చూసుకున్నాడు.

గొడవ ఎక్కడొచ్చిందంటే చందాల దగ్గర. ఎవరి పేరు ముందు, ఎవరి పేరు వెనక, ఐదువేలు ఇచ్చినోడూ పదివేలు ఇచ్చినోడూ ఒకే సైజు అక్షరాలా అని. పన్నెండున్నర దాకా సాగి చివరికి పేర్లకి ఎనిమిది లైన్లు పోయినాయి. చరిత్రకి నాలుగు మిగిలినాయి. షాపాయన సోమవారం చెక్కేస్తానంటా ఉండాడు, కరువు పోకుండా, కొమ్ములోళ్ళు పోకుండా నాలుగు లైన్లకి కుదించేదానికి ఎవరన్నా ఒక చెయ్యి వెయ్యండి.